రెండు ఏసీల బండికి గ్యాస్ మనమే పట్టుకోవచ్చా? రాజురా తమ్ముడికి జవాబు

చంద్రపూర్ జిల్లా రాజురా నుంచి ఒక తమ్ముడు అడిగింది ఇదీ. పదిహేడు సీట్ల టెంపో ట్రావెలర్, ముందొకటి వెనకొకటి రెండు ఏసీ యూనిట్లు. పెళ్లి ట్రిప్పులకు, చైత్రంలో చంద్రపూర్ మహాకాళి జాతరకు, సిరోంచ మీదుగా కాళేశ్వరానికి తిప్పుతాడు. రెండు వేసవులుగా షాపులో గ్యాస్ పట్టిస్తున్నాడు, రెండు నెలలు తిరక్కుండానే మళ్లీ వేడిగాలి. ఇప్పుడైతే డ్రైవర్ దగ్గర కాస్త చల్లగా ఉంది, వెనక సీట్ల వాళ్లు మాత్రం గొడవ పెడుతున్నారు. గేజులు, గ్యాస్ క్యాన్లు కొనుక్కుని తానే పట్టుకోవచ్చా, ఎంత పట్టాలి, లీకు మూసే మందు ఏదైనా పోయొచ్చా అన్నది ప్రశ్న.

చేసుకోవచ్చు తమ్ముడూ. పానా పట్టే అలవాటు, ఓపిక ఉంటే ఇదేం బ్రహ్మవిద్య కాదు. కాకపోతే నువ్వు పనిని చివరి నుంచి మొదలుపెట్టాలని చూస్తున్నావు. గ్యాస్ ఎక్కించడం ఇందులో ఆఖరి పని, అన్నిటికంటే సులువైన పని కూడా. ఏసీలో గ్యాస్ డీజిల్ లాగా ఖర్చయ్యేది కాదు. మూసి ఉన్న గొట్టాల్లో అదే గ్యాస్ ద్రవమవుతూ, ఆవిరవుతూ తిరుగుతుంటుంది. తగ్గిందంటే ఎక్కడో బయటికి పోతోందని అర్థం. షాపులో "గ్యాస్ అయిపోయింది" అన్నప్పుడు "ఎక్కడి నుంచి పోయింది?" అని అడగాలి. ఆ ప్రశ్నకు జవాబు లేకుండా రెండుసార్లు డబ్బు కట్టావు. మూడోసారి నీ చేత్తో నువ్వే పట్టుకున్నా అదే జరుగుతుంది, మజూరీ ఒక్కటి మిగులుతుంది.

ముందు కండెన్సర్ సంగతి. మన వైపు సగం బండ్లలో అసలు జబ్బు గ్యాస్ కాదు, దుమ్ము. మే నెలలో చంద్రపూర్ ఎండ 45 దాటుతుంది. సాస్తి గనుల వైపు బొగ్గు దుమ్ము, గడ్చాందూర్ వైపు సిమెంటు దుమ్ము. ఇవి రెండూ కలిసి కండెన్సర్ రెక్కల మధ్య పేస్టులా గట్టిపడతాయి. కండెన్సర్ వేడిని బయటికి వదలకపోతే లోపల ఎంత మంచి గ్యాస్ ఉన్నా కూలింగ్ రాదు. కండెన్సర్ బండిని బట్టి రేడియేటర్ ముందో, బాడీ కిందో, పైకప్పు మీదో ఉంటుంది, నీది ఎక్కడుందో చూసుకో. రాత్రి పూట దాని వెనక టార్చి పెట్టి ముందు నుంచి చూడు. వెలుతురు జల్లెడలోంచి వచ్చినట్టు సమానంగా రావాలి. నల్లగా మచ్చలు మచ్చలుగా కనిపిస్తే పూడుకుపోయినట్టే. రేడియేటర్, కండెన్సర్ పక్కపక్కన ఉంటే రెండింటి మధ్య సందులో ఎండుటాకులు, దూది, ఈగలు కలిసి చాపలా పేరుకుని ఉంటాయి. పైనుంచి చూస్తే రెండూ శుభ్రంగానే కనిపిస్తాయి, మోసం అక్కడే.

కడిగేటప్పుడు ఇంజిన్ ఆపి, చల్లారాక, గాలి వచ్చే దిశకు ఎదురుగా, అంటే లోపలి నుంచి బయటికి మామూలు పైపు నీళ్లతో కడుగు. సర్వీసింగ్ సెంటర్ ప్రెషర్ గన్ దగ్గర పెట్టి కొట్టించకు. అల్యూమినియం రెక్కలు వంగిపోతే మళ్లీ సరిచేయడం నరకం. కాస్టిక్ సోడా, యాసిడ్ కలిసిన క్లీనర్లు కూడా అల్యూమినియాన్ని తినేస్తాయి.

ఇక్కడ ఒక చిన్న పరీక్ష ఉంది, పైసా ఖర్చు లేదు. మధ్యాహ్నం ఎండలో బండి స్టార్ట్ చేసి రెండు ఏసీలు పూర్తిగా పెట్టు. పది నిమిషాలయ్యాక కండెన్సర్ మీద మగ్గుతో నీళ్లు పోస్తూ ఉండు, ఫ్యాన్‌కూ బెల్టుకూ చెయ్యి దూరంగా పెట్టుకుని. లోపల కూర్చున్నవాడు "ఇప్పుడు చల్లగా వస్తోంది" అన్నాడంటే గ్యాస్ జోలికి వెళ్లకు. నీ సమస్య గాలిది: కండెన్సర్ దుమ్ము, ఫ్యాన్, లేదా ఎవరో గ్యాస్ ఎక్కువ నింపేయడం. నీళ్లు పోసినా తేడా రాకపోతే అప్పుడు గేజులు తియ్యి.

ఫ్యాన్ గురించి ఒక్క మాట. మోటారు రిపేరుకు ఇచ్చి తెచ్చాక వైర్లు తారుమారు చేసి కలిపిన బండ్లు వస్తుంటాయి. డీసీ మోటారుకు ప్లస్, మైనస్ మారితే ఫ్యాన్ తిరుగుతుంది కానీ ఉల్టా తిరుగుతుంది. ఒక కాగితం ముక్క దగ్గరికి తీసుకెళ్తే అది కండెన్సర్‌కు అతుక్కుంటుందా, ఎగిరిపోతుందా అన్నది చూస్తే తెలిసిపోతుంది. ఇంజిన్ నడుస్తుండగా ఫ్యాన్ కనెక్టర్ దగ్గరే మీటర్ పెట్టి చూడు. 12 వోల్టుల బండిలో 13 పైన రావాలి. 11 వస్తుంటే ఎర్త్ వైరు తుప్పు పట్టిందో, రిలే కాలిందో వెతుక్కో. బెల్టు వదులుగా ఉన్నా, గ్యాస్‌ను నొక్కి పంపే కంప్రెసర్‌ను పుల్లీకి కలిపే క్లచ్ వేడికి జారుతున్నా కూడా ఇదే లక్షణం. క్లచ్ ప్లేటుకూ పుల్లీకీ మధ్య సందు చాలా కంప్రెసర్లలో 0.4 నుంచి 0.8 మిల్లీమీటర్లు ఉండాలి. అరిగి అంతకంటే పెరిగితే పొద్దున బాగా పట్టుకుంటుంది, మధ్యాహ్నం కాయిల్ వేడెక్కాక వదిలేస్తుంది. లోపలున్న షిమ్ వాషర్ ఒకటి తీస్తే సరిపోయే పనికి కొంతమంది కొత్త కంప్రెసర్ బిల్లు కట్టారు.

ఇప్పుడు గేజులు. మన దగ్గర ఈ రకం బండ్లలో మామూలుగా ఉండేది ఆర్-134ఏ గ్యాస్. బానెట్ కిందో, వెనక యూనిట్ ప్లేటు మీదో స్టిక్కర్ చదివి ఖాయం చేసుకో. కొన్ని పెద్ద బస్సుల పైకప్పు యూనిట్లలో ఆర్-407సీ ఉంటుంది, దానికి ఈ అంకెలేవీ పనికిరావు. ఆర్-134ఏ బండ్లలో సర్వీస్ పోర్టులు రెండు సైజులు, తక్కువ ప్రెషర్‌ది 13 మిల్లీమీటర్లు, ఎక్కువ ప్రెషర్‌ది 16. గేజు పైపుల్లో నీలం తక్కువ ప్రెషర్ వైపుది, ఎర్రది ఎక్కువ ప్రెషర్ వైపుది; నీలం కప్లర్ ఎర్ర పోర్టుకు ఎక్కదు. ఎక్కడం లేదంటే బలవంతం చెయ్యకు, పోర్టు తప్పన్నమాట.

బండి రాత్రంతా నిలబడి ఉన్నాక, పొద్దున్నే ఎండ తగలకముందు, ఇంజిన్ స్టార్ట్ చేయకుండా మొదటి రీడింగ్ తీసుకో. అప్పుడు రెండు గేజులూ ఒకే అంకె చూపిస్తాయి. ఆర్-134ఏకి 25 డిగ్రీల దగ్గర సుమారు 82 పీఎస్ఐ, 30 దగ్గర 97, 35 దగ్గర 114, 40 దగ్గర 133, 45 దగ్గర 153 ఉంటుంది. ఆ పొద్దుటి ఉష్ణోగ్రతకు రావాల్సిన అంకె కంటే బాగా తక్కువ వస్తే లోపల ద్రవం అసలు లేదు, కాస్త ఆవిరి మాత్రమే మిగిలింది. అంకె కంటే ఎక్కువ వస్తే గాలి కలిసింది, లేదా వేరే గ్యాస్ కలిపారు. సరిగ్గా అంకె వస్తే? ద్రవం ఉంది అని మాత్రమే అర్థం. రెండు వందల గ్రాములున్నా అంతే చూపిస్తుంది, రెండు కిలోలున్నా అంతే చూపిస్తుంది. ఇది తెలియకే "ప్రెషర్ బాగానే ఉంది కదా" అని చాలామంది పొరబడతారు.

తర్వాత ఇంజిన్ 1500 ఆర్‌పీఎం దగ్గర పెట్టి, తలుపులు తెరిచి, రెండు బ్లోయర్లూ ఫుల్‌లో పది నిమిషాలు నడిపించు. పుస్తకాల్లో ఉండే అంకెలు పాతిక ముప్పై డిగ్రీల వాతావరణానివి, వాటిని పట్టుకుని మన ఎండలో తీర్పు చెప్పకూడదు. బయట 40, 45 ఉన్నప్పుడు తక్కువ వైపు 30 నుంచి 50, ఎక్కువ వైపు 230 నుంచి 290 దాకా వస్తే నేను కంగారు పడను. రెండు వైపులా తక్కువగా ఉంటే గ్యాస్ తక్కువ. రెండు వైపులా ఎక్కువగా ఉంటే కండెన్సర్ దుమ్ము, ఫ్యాన్, ఎక్కువ గ్యాస్, లోపల గాలి, వీటిలో ఒకటి. తక్కువ వైపు ఎక్కువగా, ఎక్కువ వైపు తక్కువగా వచ్చి ఒకదానికొకటి దగ్గరగా ఉంటే కంప్రెసర్ అరిగిపోయింది. తక్కువ వైపు ముల్లు సున్నా కిందికి వాక్యూమ్‌లోకి వెళ్తుంటే ఎక్స్‌పాన్షన్ వాల్వ్ (ద్రవాన్ని సన్న దారిలోంచి కూలింగ్ కాయిల్‌లోకి వదిలేది) దగ్గర అడ్డం పడింది. పావుగంట బాగా చల్లబడి, తర్వాత ఆగిపోయి, కాసేపు ఆపి పెడితే మళ్లీ పనిచేస్తోందంటే లోపల తేమ ఉంది. అది వాల్వ్ నోట్లో మంచుగడ్డ అయి కూర్చుంటుంది, కరిగాక దారి ఇస్తుంది.

నీ వెనక యూనిట్ విషయానికొద్దాం. ముందు చల్లగా ఉండి వెనక వేడిగా ఉంటే మొదట గ్యాస్ తక్కువనే అనుమానించాలి. పొడవాటి పైపు చివర ఉన్న యూనిట్‌కే ముందుగా ద్రవం కరువవుతుంది, ముందు యూనిట్ దగ్గరిది కాబట్టి ఇంకా నెట్టుకొస్తుంది. కానీ అదొక్కటే కారణం కాదు. వెనక యూనిట్ కవర్ విప్పి, ఏసీ నడుస్తుండగా దాంట్లోకి వెళ్లే రెండు పైపులూ పట్టుకుని చూడు. సన్నపాటిది గోరువెచ్చగా లేదా వేడిగా ఉండాలి, లావుపాటిది చల్లగా, చెమట పట్టి ఉండాలి. సన్న పైపు వాల్వ్ దాకా రాకముందే చల్లబడి మంచు పట్టి ఉంటే ఆ మంచు మొదలైన చోటే దారి మూసుకుపోయింది. సన్న పైపు వేడిగా ఉండి లావు పైపు కూడా వేడిగా ఉంటే వెనక ఎక్స్‌పాన్షన్ వాల్వ్ తెరుచుకోవడం లేదు. కొన్ని బండ్లలో వెనక లైన్‌కు కరెంటుతో పనిచేసే వాల్వ్ కూడా ఉంటుంది, దాని కనెక్టర్ ఊడినా ఇదే కనిపిస్తుంది. లావు పైపు మంచి చల్లగా ఉండి సీట్ల దగ్గర గాలే రావడం లేదంటే తప్పు గ్యాస్‌ది అసలే కాదు. కూలింగ్ కాయిల్ ముందున్న జాలీ విప్పి చూడు. జాతర ట్రిప్పుల్లో జనం దుప్పట్ల నూలు, పసుపు, కుంకుమ, దుమ్ము కలిసి అక్కడ గట్టి పొరలా ఉంటుంది.

గ్యాస్ తక్కువని తేలింది అనుకుందాం. రెండు యూనిట్ల బండికి మామూలుగా కిలో పైనే పడుతుంది. రెండు నెలల్లో వెనక కూలింగ్ పోయేంత తగ్గిందంటే రోజుకు అయిదు, పది గ్రాములు పోతున్నాయి. ఇది కంటికి, సబ్బు నురగకు దొరికే లీకే, అంత రహస్యమైనది కాదు. గ్యాస్‌తో పాటు కంప్రెసర్ నూనె కూడా తిరుగుతుంటుంది, కారే చోట అదీ బయటికొస్తుంది. ఆ నూనెకు మన బొగ్గు దుమ్ము అంటుకుని నల్లగా, తడిగా మరక కడుతుంది. మన దుమ్ము చేసే మేలు ఏదైనా ఉంటే ఇదొక్కటే. అందుకే బండి కింద కడిగించకముందే టార్చి పట్టుకుని పడుకుని చూడు, కడిగాక కాదు.

మొదట బాడీ కింద వెనక్కి వెళ్లే పైపులు. క్లిప్పులు వదులై చాసిస్‌కు రాసుకునే చోట అల్యూమినియం మీద వెండిలా మెరిసే గీత ఉంటుంది, దాని మధ్యలో సూదిమొనంత చిల్లు. వెనక చక్రం దగ్గర రాళ్లు తగిలే చోట, రబ్బరు పైపు లోహపు మూతిలోకి నొక్కిన చోట కూడా చూడు. తర్వాత సర్వీస్ పోర్టుల మూతలు. లోపలి పిన్ వాల్వ్ కొంచెం కారడం మామూలే, అసలు కాపలా ఆ మూతలోని రబ్బరు రింగుదే. నీ బండికి మూతలు లేకపోతే షాపువాడు ఎక్కడో పడేసి ఉంటాడు. తర్వాత కంప్రెసర్ షాఫ్ట్ సీల్. అది కారుతుంటే క్లచ్ వెనక భాగంలోనూ, దానికి ఎదురుగా ఉన్న బానెట్ లోపలి వైపునా నూనె చుక్కలు గీతలా చిమ్మి ఉంటాయి. చలికాలం నాలుగు నెలలూ ఏసీ ముట్టుకోకుండా ఉంచితే ఈ సీల్ ఎండిపోయి, వేసవిలో మొదటిసారి వేసిన రోజు నుంచే కారడం మొదలవుతుంది. వారానికోసారి పది నిమిషాలు నడపడం దీనికి మందు, సంక్రాంతి చలిలో కూడా.

మరక దొరక్కపోతే నైట్రోజన్ పరీక్ష. దానికి ముందు మిగిలిన గ్యాస్‌ను రికవరీ మెషిన్ ఉన్న షాపులో తీయించు. గాలిలోకి వదిలేయకు. ఆర్-134ఏ ఓజోన్ పొరకు హాని చేయదు కానీ, భూమిని వేడెక్కించడంలో ఒక కిలో కార్బన్ డయాక్సైడ్ 1430 కిలోలతో సమానం. పైగా అది మామూలు గాలిలో -26 డిగ్రీల దగ్గరే మరుగుతుంది, వేళ్ల మీద పడితే చర్మం గడ్డకట్టి కాలినట్టవుతుంది, కంట్లో పడితే చూపు పోవచ్చు. గాగుల్స్, గ్లవ్స్ లేకుండా ఈ పని మొదలుపెట్టకు. దగ్గర్లో వెల్డింగ్ కానీ, బీడీ కానీ ఉండకూడదు, మంటకు తగిలితే ఈ గ్యాస్ విషవాయువు అవుతుంది. గాలి కంటే బరువైనది కాబట్టి గ్యారేజీ గుంతలో దిగి చేయడం కూడా వద్దు.

నైట్రోజన్ అంటే పెట్రోల్ బంకులో టైర్లకు పట్టేది కాదు, సిలిండర్‌లో వచ్చే పొడి నైట్రోజన్. ఇంటి ఏసీలు, ఫ్రిజ్‌లు రిపేర్ చేసేవాళ్ల దగ్గర అద్దెకు దొరుకుతుంది. నిండు సిలిండర్‌లో రెండు వేల పీఎస్ఐ పైనే ఉంటుంది, కాబట్టి రెగ్యులేటర్ లేకుండా ముట్టుకోకూడదు. 150 పీఎస్ఐ దాకా నింపి, వాల్వులు మూసి, ప్రతి జాయింటుకూ సబ్బు నురగ రాయి. వెల్డింగ్ ఆక్సిజన్‌తో ఈ పని చేసేవాళ్లున్నారు. నూనె ఉన్న గొట్టంలోకి ఆక్సిజన్ పంపడమంటే బాంబు కట్టుకోవడమే. టైర్లకు కొట్టే కంప్రెసర్ గాలి కూడా వద్దు, దాంట్లో తేమ ఉంటుంది.

నురగలో దొరక్కపోతే సాయంత్రం నింపి తెల్లవార్లూ వదిలేయి. ఇక్కడ ఒక లెక్క గుర్తుంచుకో. సాయంత్రం 45 డిగ్రీల్లో నింపిన 150 పీఎస్ఐ, తెల్లవారి 30 డిగ్రీలకు లీకు లేకపోయినా దాదాపు 142కి దిగుతుంది. ఎనిమిది తగ్గిందని కంగారుపడి బాగున్న జాయింట్లు విప్పకు. అంతకంటే బాగా దిగితేనే లీకు ఉన్నట్టు.

లీకు దొరికాక బాగుచేయడం చోటును బట్టి ఉంటుంది. ఓ-రింగ్ అయితే ఆర్-134ఏకి పనికొచ్చేది, సరైన సైజుది కొను. పెట్టెలో చేతికొచ్చింది వేయకు. నూనె చుక్క రాసి, రెండు పానాలు పట్టి బిగించు, ఒకటి పైపును ఆపడానికి, ఇంకొకటి నట్టు తిప్పడానికి. ఒక్క పానాతో తిప్పితే అల్యూమినియం పైపు మెలి తిరుగుతుంది. అరిగిన పైపు అయితే మార్చేయి. రబ్బరు పైపు మూతి కారుతుంటే మెషిన్ మీద క్రింపింగ్ చేయించాలి. జూబ్లీ క్లిప్పు బిగించి, ఎంసీల్ పూసి తిప్పే బండ్లు చూస్తుంటాం, మూడొందల పీఎస్ఐ ముందు అవి ఆగవు. కండెన్సర్‌కు చిల్లు పడితే అతుకులు వద్దు, కొత్తదే.

ఎప్పుడు సిస్టమ్ విప్పినా డ్రయ్యర్ కొత్తది వేయాలి. లోపలున్న గుళికలు గాలిలోని తేమను పీల్చేస్తాయి, కాబట్టి దాని మూతలు అన్నిటికంటే చివర్న, బిగించే నిమిషంలోనే తీయి. రాత్రంతా మూత లేకుండా ఉన్న డ్రయ్యర్ కొత్తదైనా పాతదే. నూనె సంగతి: కంప్రెసర్ మీద ఏ గ్రేడ్ రాసుంటే అదే. 46 అంటే 46, 100 అంటే 100. కండెన్సర్ మార్చావా, డ్రయ్యర్ మార్చావా అన్నదాన్ని బట్టి ఇరవై, ముప్పై మిల్లీలీటర్లు కలుపుతారు. నూనె డబ్బా మూత తెరిచి ఉంచకు, అది కూడా తేమను తాగుతుంది. కొత్త కంప్రెసర్‌లో మామూలుగా నూనె నింపే వస్తుంది, అలా వస్తే దాని మీద మళ్లీ పోస్తే కూలింగ్ తగ్గుతుంది.

తర్వాత వాక్యూమ్, అంటే గొట్టాల్లోని గాలిని, తేమను పంపుతో లాగేయడం. పాత ఫ్రిజ్ కంప్రెసర్‌ను పంపుగా వాడే పద్ధతి మన దగ్గర అలవాటే, కానీ అది చివరి తేమను లాగలేదు. రెండు స్టేజీల వాక్యూమ్ పంపు అద్దెకు తెచ్చుకో. రెండు యూనిట్ల బండికి గంట నడిపించు, తక్కువైతే నలభై అయిదు నిమిషాలు. బల్లార్షా, రాజురా సముద్రమట్టానికి నూట యాభై, రెండు వందల మీటర్ల ఎత్తులో ఉన్నాయి కాబట్టి గేజు 29 అంగుళాలు దాటి కాస్త దగ్గర్లోనే ఆగుతుంది, ముప్పై దాకా పోలేదని పంపును తిట్టకు. 29 అంగుళాల వాక్యూమ్‌లో నీళ్లు పాతిక డిగ్రీలకే మరిగి ఆవిరైపోతాయి. మే ఎండలో బండిని బయట పెట్టి వాక్యూమ్ చేస్తే తేమ తొందరగా పోతుంది, డిసెంబరు పొద్దుటి పూట చేస్తే ఇంకా ఎక్కువసేపు నడపాలి. మన ఎండ ఈ ఒక్క పనికి చుట్టమే. పంపు ఆపి వాల్వులు మూసి అరగంట చూడు, ముల్లు కదలకూడదు.

ఇక గ్యాస్. గేజు చూసి కాదు, తూకం వేసి ఎక్కించాలి. బానెట్ స్టిక్కర్ మీద రాసింది ముందు యూనిట్ ఒక్కదానికే కావచ్చు. వెనక ఏసీని బాడీ కట్టినవాళ్లు బిగించి ఉంటే ఆ యూనిట్ ప్లేటు మీద వేరే అంకె ఉంటుంది, రెండూ చూసుకో. క్యాన్‌ను వంటింటి డిజిటల్ తూకం మీద పెట్టు, సిలిండర్ అయితే పెద్ద తూకం కావాలి. గేజు నుంచి క్యాన్‌కు వెళ్లే పసుపు పైపును గేజు దగ్గర కొంచెం వదులు చేసి, క్యాన్ వాల్వ్ క్షణం తెరిచి, పైపులోని గాలిని బయటికి తోసి బిగించు. ఈ చిన్న పని మరిచిపోతే గంటసేపు చేసిన వాక్యూమ్ వృథా.

ఇంజిన్ ఆపి ఉంచి, ఎర్ర వైపు నుంచి కొంత ద్రవం పంపవచ్చు. వాక్యూమ్ లాక్కున్నంత లాక్కుంటుంది. తర్వాత ఎర్ర వాల్వ్ పూర్తిగా మూసి, మూశానా లేదా అని రెండోసారి చెయ్యి వేసి చూసుకో. క్లచ్ ప్లేటును చేత్తో ఓ పది చుట్లు తిప్పు, కంప్రెసర్‌లో ద్రవం చేరి ఉంటే స్టార్ట్ చేయగానే వాల్వులు విరుగుతాయి. అప్పుడు ఇంజిన్ స్టార్ట్ చేసి, క్యాన్ నిలువుగా ఉంచి, నీలం వైపు నుంచి ఆవిరిని కొద్దికొద్దిగా పంపు. ఇంజిన్ నడుస్తుండగా ఎర్ర వాల్వ్ తెరిచావంటే మూడొందల పీఎస్ఐ నేరుగా నీ చేతిలోని క్యాన్‌లోకి వస్తుంది, అది పగిలిపోతుంది. ఈ మొత్తం పనిలో మనిషి ప్రాణానికి వచ్చే గండం ఇదే. క్యాన్ చల్లబడి గ్యాస్ పోవడం మందగిస్తే గోరువెచ్చని నీళ్ల బకెట్లో పెట్టు. స్టవ్ మంట, హీట్ గన్ వద్దు.

ప్లేటు చెరిగిపోయి బరువు తెలియకపోతే, డ్రయ్యర్ మీద చూసే గాజు ఉంటే, రెండు బ్లోయర్లూ ఫుల్‌లో ఉంచి గాజులో బుడగలు పోయేదాకా ఎక్కించి, ఆ తర్వాత వంద, నూట యాభై గ్రాములు కలిపి ఆపేయి. వెనక బ్లోయర్ ఆపి ఈ లెక్క చూస్తే తప్పుతుంది. ఆర్-134ఏలో గాజు పూర్తిగా నమ్మదగింది కాదు, అందుకే ఇది బరువు తెలియనప్పుడు మాత్రమే. గ్యాస్ ఎక్కువైతే ఎక్కువ చల్లదనం రాదు, ఎక్కువ వైపు ప్రెషర్ పెరిగి మధ్యాహ్నం పూట ప్రెషర్ స్విచ్ కట్ అవుతుంటుంది. పొద్దున బాగుండి, రైల్వే గేటు దగ్గర పది నిమిషాలు నిలబడగానే వేడిగాలి వస్తోందంటే దీన్ని కూడా అనుమానించు.

చవక గ్యాస్ గురించి గట్టిగానే చెబుతున్నా. 13.6 కిలోల ఆర్-134ఏ సిలిండర్ ఒక్కసారి వాడి పారేసేది, తిరిగి నింపకూడనిది. సీలు లేని సిలిండర్ సగం ధరకు వస్తోందంటే లోపల ఏముందో దేవుడికే తెలియాలి. ఆర్-40 అనే మిథైల్ క్లోరైడ్ కలిపి అమ్మిన గ్యాస్ ప్రపంచమంతా తిరిగింది. అది అల్యూమినియంతో కలిసి గాలి తగిలితే తనంతట తానే మండే పదార్థాన్ని తయారుచేస్తుంది. 2011లో ఓడల్లో వెళ్లే రీఫర్ (లోపల చల్లగా ఉంచే) కంటైనర్లు ఇలాగే పేలి మనుషులు చనిపోయారు. పైన చెప్పిన ప్రెషర్ అంకెలతో గాలి కలిసిన గ్యాస్‌ను, ఆర్-22 అనే వేరే ఏసీ గ్యాస్‌ను పట్టుకోవచ్చు కానీ ఆర్-40ను పట్టుకోలేం, దాని ప్రెషర్ కూడా దాదాపు ఇంతే. కాబట్టి బిల్లు ఇచ్చే చోటే కొను. వంటగ్యాస్ ఎక్కించి "బాగా చల్లబడుతుంది" అని చెప్పేవాళ్లూ ఉన్నారు. చల్లబడుతుంది నిజమే. కాకపోతే నీ కూలింగ్ కాయిల్ పదిహేడు మంది కూర్చున్న పెట్టెలో ఉంది.

లీకు మూసే మందు అడిగావు. వద్దు. అది గాలి, తేమ తగిలిన చోట గట్టిపడుతుంది. సిస్టమ్‌లో కొంచెం తేమ ఉన్నా ఎక్స్‌పాన్షన్ వాల్వ్‌లోనే గట్టిపడుతుంది. రేపు షాపువాడు తన రికవరీ మెషిన్‌ను నీ బండికి తగిలించనంటాడు, ఆ మెషిన్ కూడా పాడవుతుంది కాబట్టి. యూవీ లైటు వేస్తే మెరిసే రంగు మాత్రం వేసుకోవచ్చు, కొంచెమే, వచ్చే ఏడాది లీకు వెతకడానికి పనికొస్తుంది.

లారీ తిప్పే వాళ్లకు కూడా ఇదంతా వర్తిస్తుంది, 2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే పెద్ద, మధ్యస్థ లారీలన్నిటికీ క్యాబిన్ ఏసీ తప్పనిసరి అయింది కాబట్టి ఈ ప్రశ్నలు ఇంకా వస్తాయి. తేడా ఏంటంటే వాటిలో చాలావరకు 24 వోల్టుల బండ్లు, వాటికి 12 వోల్టుల ఫ్యాన్, క్లచ్ తెచ్చి బిగిస్తే కాలిపోతాయి. పైకప్పు యూనిట్ల పెద్ద బస్సుల్లో నాలుగైదు కిలోలు, కొన్నిటిలో ఇంకా ఎక్కువ గ్యాస్ పడుతుంది, వాటిని ఒంటరిగా మొదలుపెట్టొద్దు. ఎలక్ట్రిక్ బస్సు అయితే ఏసీ కంప్రెసరే వందల వోల్టుల మీద నడుస్తుంది, ఆరెంజ్ వైరు కనిపిస్తే చెయ్యి వెనక్కి తీసుకో.

తమ్ముడూ, నువ్వు ఈ వారం చేయాల్సింది కండెన్సర్ కడగడం, నీళ్ల పరీక్ష, బండి కింద టార్చి వేసి చూడటం. ఈ మూడింటికీ ఏమీ కొనక్కర్లేదు. అప్పటికీ తేలకపోతే గేజులు ఎవరి దగ్గరైనా అడిగి తెచ్చుకుని, పొద్దుటి రీడింగ్, మధ్యాహ్నం నడుస్తున్నప్పుడు రెండు వైపుల రీడింగ్, ఆ టైములో బయట ఎన్ని డిగ్రీలుందో, వెనక యూనిట్ ప్లేటు మీద ఏం రాసుందో ఇక్కడే పెట్టు. వెనక సన్న పైపు, లావు పైపు పట్టుకుంటే ఎలా ఉన్నాయో అది కూడా రాయి.